మల్లెపూలు పసుపుగా కనిపిస్తే గుండె డాక్టర్‌కి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మే నెలలో మా ఇంట్లో గొడవ మల్లెపూల దగ్గర మొదలైంది. మా అత్తయ్య రోజూ సాయంత్రం పూలమ్మి దగ్గర ఒక మూర తీసుకుంటుంది, ఆ రోజు మాత్రం "నిన్నటి పూలు అంటగడుతున్నావు, పసుపు తిరిగిపోయాయి" అని ఆవిణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది. పూలు నేనూ చూశాను, తెల్లగా అప్పుడే విచ్చుతున్నాయి. మర్నాడు మామయ్య పంచెలు చూపించి నీలిమందు వేయడం మానేశావా అంది. ఆ తర్వాత పెరుగన్నంలో పసుపు పడిందని కంచం పక్కకి తోసేసింది. పదిహేనేళ్ల కాపురంలో ఇలాంటివి చాలా విన్నాను కాబట్టి, నిజం చెప్పాలంటే, నన్ను సాధించడానికే అంటోందనుకుని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే మేం చేసిన తప్పు.

అత్తయ్యకి 66 ఏళ్లు. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె వాల్వు సన్నబడింది, దడ ఉంది, కాళ్లకి నీరు పడుతుంది. ఏప్రిల్‌లో చెకప్‌కి తీసుకెళ్తే డిజాక్సిన్ అనే చిన్న బిళ్ల కొత్తగా రాశారు, నీరు తీసే లాసిక్స్ ఎలాగూ వాడుతోంది. మేలో ఎండదెబ్బకి నాలుగు రోజులు విరేచనాలయ్యాయి, సరిగా తినలేదు, నీళ్లూ అంతంతమాత్రమే, మందులు మాత్రం ఒక్కటి కూడా మానలేదు, ఎందుకంటే మందులు మానకూడదని అందరూ చెబుతారు కదా. తర్వాత నోటికి ఏదీ సహించట్లేదంది, వికారం అంది, మేము గ్యాస్ అనుకుని గ్యాస్ బిళ్ల ఇచ్చాం. రాత్రిపూట ట్యూబ్‌లైట్ చుట్టూ చంద్రుడికి కట్టినట్టు వరదగుడి కడుతోందంటే అప్పుడు కళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్కడ శుక్లం ఉందన్నారు. ఉన్న మాట నిజమే, ఆ వయసులో ఎవరికి ఉండదు? శుక్లం ముదిరితే రంగులు పసుపుబారి కనిపిస్తాయి కూడా. కానీ అది ఏళ్ల తరబడి మెల్లగా వచ్చేది, ఈవిడకి మూడు వారాల్లో వచ్చింది. బీపీ ఉందా, షుగర్ ఉందా అని అడిగారు, ఏం మందులు వాడుతున్నారని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు, కంటికీ గుండె బిళ్లకీ ఏం సంబంధం అనుకున్నాం. ఆపరేషన్‌కి డేటు కూడా ఇచ్చేశారు. ఆపరేషన్‌కి ముందు ఈసీజీ తీయించుకు రమ్మన్నారు కాబట్టి సరిపోయింది, తీసినాయన కాగితం చూసి మొహం అదోలా పెట్టి "నాడి నలభై కొడుతోంది, మీ గుండె డాక్టర్ దగ్గరికి ఇప్పుడే వెళ్లండి" అన్నాడు.

అక్కడ గుండె డాక్టర్ అడిగిన మొదటి మాట, "రంగులు ఏమైనా తేడాగా కనిపిస్తున్నాయా అమ్మా?" ఆ మాటకి నాకు ఒక్కసారిగా మల్లెపూలు, పంచెలు, పెరుగన్నం అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

రక్తంలో డిజాక్సిన్ ఎంతుందో చూసే పరీక్ష ఉంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి అది 0.5 నుంచి 0.9 మధ్య ఉంటే మంచిదట. అత్తయ్యకి 2.8 ఉంది. పొటాషియం పడిపోయింది, కిడ్నీ పనితీరు తగ్గింది. ఈ మందు ఎక్కువ భాగం కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, విరేచనాలై ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీ మందగిస్తుంది, మందు లోపలే పేరుకుంటుంది, లాసిక్స్ పొటాషియాన్ని లాగేస్తే ఆ మందు విషం ఇంకా పెరుగుతుంది. గుండె కండరంలో ఉప్పునీ పొటాషియాన్నీ అటూ ఇటూ తోసే పంపు మీద ఈ మందు పనిచేస్తుంది, సరిగ్గా అలాంటి పంపే కంటి వెనక రంగులు చూసే కణాల్లోనూ ఉంది. కాబట్టి మోతాదు మించితే కొందరికి కన్ను కూడా గంట కొడుతుంది. ఇదేమీ నిన్నా మొన్నా తెలిసిన సంగతి కాదు. ఈ మందుకి మూలమైన ఫాక్స్‌గ్లోవ్ మొక్క గురించి విలియం విదరింగ్ అనే ఇంగ్లండ్ డాక్టర్ 1785లోనే రాస్తూ, ఎక్కువైతే వస్తువులు ఆకుపచ్చగా, పసుపుగా కనిపిస్తాయని రాసిపెట్టాడు. రెండు వందల నలభై ఏళ్లయింది. ఆ కబురు తెనాలిలో మా వీధిదాకా రాలేదు!

ఇంకో సంగతి. చీటీలో ఆ బిళ్ల పక్కన "5/7" అని ఉంది. అంటే వారానికి ఐదు రోజులే, శని, ఆదివారాలు వేసుకోకూడదు, మన దగ్గర చాలామంది డాక్టర్లు ఇలాగే రాస్తారట. మెడికల్ షాపులో అబ్బాయి కవరు మీద పెన్నుతో "రోజూ 1" అని రాసిచ్చాడు. అబ్బాయిని తిట్టి ఏం లాభం, ఆ గీతకి అర్థం ఎవరు చెప్పారు వాడికి? మాకు మాత్రం ఎవరు చెప్పారు? బిళ్లల డబ్బాతో వచ్చే కాగితం ఒకటుంటుంది, ఎనిమిది మడతలు పెట్టి, చీమ తలకాయంత అక్షరాలతో, అంతా ఇంగ్లీషులో. చూపు మసకేసినవాళ్లకి దాన్ని ఇవ్వడం ఏమిటో నాకు అర్థం కాదు.

ఈ గొడవంతా విన్నాక మా బావగారు ఫోన్ చేశారు. ఆయనకి గుండె వేగం తగ్గించడానికి ఇవాబ్రాడిన్ ఇచ్చారు. రాత్రిపూట కారు తోలుతుంటే ఎదురుగా లైటు పడిన ప్రతిసారీ చూపులో ఒక మూల మిణుకు మిణుకుమని వెలుగు పుడుతుందట, బుర్రకేదో అయిందని భయపడి, ఎవరికీ చెప్పకుండా బిళ్ల మానేసి, పది రోజులకి ఆయాసం వచ్చి కూర్చున్నారు. ఈ మెరుపుల సంగతి మందు తయారుచేసినవాళ్ల వివరాల్లోనే ఉంది, పరీక్షల్లో నూటికి పద్నాలుగు మందికి పైగా కనిపించాయని చెప్పుకున్నారు. గుండె లయని నడిపే కణాల్లో ఈ మందు మూసే సన్నటి దారి లాంటిదే కంటి రెటీనాలోనూ ఉండటం వల్ల ఇలా అవుతుంది. ఎక్కువమందికి మొదటి రెండు నెలల్లోనే వస్తాయి, మందు వాడుతుండగానే వాటంతటవే పోతాయి కూడా. రాత్రి డ్రైవింగ్‌లో కాస్త జాగ్రత్త అని ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఆ ఆయాసం వచ్చేదా?

గుండె లయ తప్పితే ఇచ్చే అమియోడరోన్ అనేది ఇంకోటి. చాలాకాలం వాడితే దాదాపు అందరికీ నల్లగుడ్డు మీద సన్నటి సుడిలా పేరుకుంటుంది, సాధారణంగా చూపుకేమీ కాదు, కొందరికి దీపం చుట్టూ వలయాలు కనిపిస్తాయి. కానీ అరుదుగా కంటి నరం దెబ్బతింటుంది, చూపు ఉన్నట్టుండి తగ్గితే ఆ రోజే వెళ్లాలి.

ఇదంతా చదివి ఎవరూ భయపడి బిళ్లలు మానేయకండి, దణ్ణం పెడతాను. ఆ బిళ్లల వల్లే అత్తయ్య మెట్లెక్కగలుగుతోంది. చూపులో తేడా వస్తే కళ్ల డాక్టర్‌కి మందుల చీటీ చూపించండి, గుండె డాక్టర్‌కి ఫోన్ చేయండి, వికారం కూడా ఉంటే వెంటనే వెళ్లండి. డాక్టర్లకి నేను చెప్పేంతదాన్ని కాదు గానీ, "5/7" బదులు "శని, ఆదివారాలు వద్దు" అని తెలుగులో రాస్తే పెన్నులో ఇంకు అయిపోదు. కళ్ల ఆసుపత్రుల వాళ్లు బీపీ, షుగర్ గళ్ల కింద మందుల పేర్లకి కూడా ఒక గడి పెట్టండి. మీ ఆరోగ్యం పేజీలో ఈ మందుల గురించి ఒక్కసారి, పెద్ద అక్షరాలతో, వేయండి.

మందుల వల్ల ఇబ్బంది వస్తే రోగులు కూడా రిపోర్ట్ చేయొచ్చని ఈమధ్యే తెలిసింది. 2010 నుంచి కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఒకటి ఉంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతుంది, టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024, ఫారం తెలుగులో కూడా దొరుకుతుంది. అత్తయ్య రెండు రోజులు ఐసీయూలో ఉండి వచ్చింది, బిళ్ల ఆపిన ఎనిమిదో రోజుకి రంగులు మామూలయ్యాయి. మొన్న ఆదివారం ఇద్దరం కూర్చుని ఆ ఫారం నింపాం. ఏం జరిగిందో రాయమన్న గడి దగ్గర ఆగి, ఏం రాయమంటారు అత్తయ్యా అని అడిగాను. "మల్లెపూలు పసుపుగా కనిపించాయని రాయి," అని కాసేపాగి, "పూలమ్మిది తప్పేం లేదని కూడా రాయి" అంది. గడి చిన్నది, అయినా ఇరికించి రాశాను.

ఇట్లు,
ఒక కోడలు, తెనాలి