పక్క బెడ్ అబ్బాయికి, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

మా అబ్బాయి ఆపరేషన్ బాగా జరిగింది. నిన్న రాత్రే ఇంటికొచ్చాం. కళ్లు మూతలు పడుతున్నాయి కానీ ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోలేను.

వాడి ఛాతీ మధ్య ఎముక లోపలికి గుంట పడి ఉండేది. చిన్నప్పుడు కొంచెమే. పొడుగెదిగే వయసులో బాగా లోతైంది. నస్ ఆపరేషన్ చేసి, ఆ ఎముక కింద వంచిన స్టీలు బార్ పెట్టి పైకి లేపారు. దాదాపు మూడేళ్లు అది లోపలే ఉండాలి. 1987లో డాక్టర్ డొనాల్డ్ నస్ ఈ పద్ధతి మొదలుపెట్టక ముందు ఛాతీ ముందు పెద్ద కోత పెట్టి మృదులాస్థి తీసేవాళ్లని సర్జన్ గారు చెప్పారు.

మావారు, అత్తయ్య, తమ్ముడు వెంటే ఉన్నారు. వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది పక్క బెడ్ అబ్బాయి గురించి. అదే బార్ తీయించుకోవడానికి వచ్చాడు, తెల్లారితే తనకే ఆపరేషన్. మావాడు నొప్పికి దగ్గు బిగబట్టుకుని ఏడుస్తుంటే లేచొచ్చాడు. "చేతుల మీద బలం పెట్టకు తమ్ముడూ, పక్కకి తిరగకు" అంటూ వీపు కింద చెయ్యేసి నిటారుగా కూర్చోబెట్టాడు. దిండు ఛాతీకి హత్తుకుని దగ్గించాడు. తర్వాత తన చొక్కా ఎత్తి, రెండు పక్కలా చంకల కిందున్న సన్నటి మచ్చలు చూపించాడు. ఎవరి ముందూ చొక్కా విప్పని మావాడు ఆ మచ్చని వేలితో తడిమి చూశాడు. "ఆంటీ, మీరు కాసేపు పడుకోండి, నేను చూస్తుంటాను" అన్నాడా అబ్బాయి. అన్నాళ్లూ ఆపుకున్న ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది నాకు. బాబూ, నువ్వు చల్లగా ఉండాలి.

ఒక్కటి మాత్రం మింగుడుపడటం లేదు. ఇన్సూరెన్స్ వాళ్లు ఇది అందం కోసం చేయించుకునేదని క్లెయిమ్ తిప్పి పంపారు. సీటీ స్కాన్‌లో హాలర్ ఇండెక్స్ (గుంట ఎంత లోతో చెప్పే అంకె) 3.25 దాటితే తీవ్రమైనదిగా లెక్క, మావాడికి 4.6 ఉంది. గుండె పక్కకి జరిగిందని ఎకో రిపోర్టు చెబుతోంది. మెట్లెక్కితే ఆయాసపడే పిల్లాడికి అందం ఏమిటండీ! మళ్లీ అప్పీలు పెట్టాం.

సర్జన్ గారికి, మత్తు డాక్టరు గారికి, నైట్ డ్యూటీ సిస్టర్లందరికీ దండాలు. అయ్యో, ఊపిరి ఎక్సర్‌సైజులు విసుక్కోకుండా చేయించిన ఫిజియోథెరపీ అమ్మాయిని మర్చిపోయాను. స్ట్రెచర్ కుదుపు లేకుండా తోసిన అన్నయ్యని కూడా. మావాడి నోట్సులన్నీ రాసిపెడుతున్న క్లాసు పిల్లలకీ థాంక్స్.