ఆ ‘మాత్రమే’ తీసేయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన సోమవారం మీ విద్యార్థుల పేజీలో చతుర్భుజాల పట్టిక వేశారు. మా మనవరాలిది ఇంగ్లిష్ మీడియం, ఎనిమిదో తరగతి. తెలుగు పేర్లు నేర్చుకుంటానని దాన్ని కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంది. అందులో ‘దీర్ఘచతురస్రంలో ఎదురెదురు భుజాలు మాత్రమే సమానం’ అని ఉంది. నా పేచీ ఆ ‘మాత్రమే’తోనే. ఆ మాట ఉంటే చతురస్రం దీర్ఘచతురస్రమే కాదన్నట్టవుతుంది.

నేను బెంగళూరు చిక్కపేటలో ఫొటో ఫ్రేములు కడతాను. 12, 16 అంగుళాల ఫ్రేముకు నాలుగు పట్టీలు కోసి మేకులు కొట్టాక, మూలలు సరిగ్గా కుదిరాయో లేదో కంటికి తెలియదు. టేపుతో మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా రెండు వైపులా కొలుస్తాం. రెండూ 20 అంగుళాలు వస్తే సరే. ఒకటి పావంగుళం పెరిగి రెండోది పావంగుళం తగ్గిందంటే ఫ్రేము ఓ పక్కకు వాలినట్టే. పట్టీల పొడవు మారలేదు, కానీ చేతిలో మిగిలింది ఉత్త సమాంతర చతుర్భుజం. అద్దం దిగదు. కస్టమరు ఎదురుగా కూర్చుంటే ఆ టెన్షన్ చెప్పలేను.

చతురస్రం ఫ్రేము అడిగినా అదే టేపు, అదే పరీక్ష. ఎందుకంటే అదీ దీర్ఘచతురస్రమే, కాకపోతే నాలుగు పట్టీలూ ఒకే పొడవు. వాలిందా, సమచతుర్భుజం, అదే రాంబస్, అవుతుంది. మూలలు లంబకోణంలో ఉన్న రాంబసే చతురస్రం కాబట్టి అది అటూ చుట్టమే, ఇటూ చుట్టమే.

పాతకాలపు గ్రీకు గణితవేత్త యూక్లిడ్ చతురస్రాన్నీ దీర్ఘచతురస్రాన్నీ రాంబస్‌నీ వేరువేరుగానే పెట్టాడు, నిజమే. ఇప్పటి బడి పుస్తకాలు ఆ దారి వదిలేశాయి. సమాంతర చతుర్భుజంలో కర్ణాలు, అంటే ఎదురు మూలలను కలిపే గీతలు, ఒకదాన్నొకటి సగానికి ఖండించుకుంటాయని ఒక్కసారి రుజువు చేస్తే చాలు, దీర్ఘచతురస్రానికీ రాంబస్‌కీ చతురస్రానికీ మళ్లీ చేయక్కర్లేదు. ట్రెపీజియం దగ్గరైతే పుస్తకాల మధ్యే తగాదా ఉంది: సమాంతర భుజాలు ఒకే ఒక్క జత ఉండాలని కొందరు, కనీసం ఒక జత ఉంటే చాలని కొందరు. అక్కడ మీరేం రాసినా ఊరుకునేవాణ్ని.

‘దీర్ఘ’ అన్న మాట వింటే పొడుగ్గా ఉండాలేమోనని పిల్లలు ఎలాగూ తికమకపడతారు. సంస్కృతంలో చతురస్రమంటే నాలుగు మూలలున్న ఏ ఆకారమైనా సరే. తెలుగుకొచ్చేసరికి ఒక్కదానికే మిగిలింది. దానిమీద మీ ‘మాత్రమే’ కూడానా?

వచ్చే సోమవారం అదే పేజీలో సవరణ వేయండి. నేను పెన్సిలుతో ఆ మాట కొట్టేస్తే మా మనవరాలు రబ్బరుతో చెరిపేసింది. తాత చెబితే కాదట, పేపర్లో రావాలట.

— ఒక ఫ్రేముల షాపు యజమాని, చిక్కపేట, బెంగళూరు