క్షమాపణ వేరు, కాపరి బాధ్యత వేరు

సంపాదకులకు నమస్కారములు.

సంఘ కాపరి మీద గానీ, పేరున్న ప్రసంగీకుడి మీద గానీ స్త్రీల విషయంలోనో డబ్బు విషయంలోనో ఆరోపణ వచ్చిందని తెలిసినప్పుడు మన గోదావరి జిల్లాల సంఘాల్లో సాధారణంగా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "దైవజనుణ్ణి వేలెత్తి చూపకూడదు, దేవుడే చూసుకుంటాడు" అని కొందరు అందరి నోళ్లూ మూయిస్తారు. మరికొందరు నిజానిజాలు తెలియకుండానే ఆ వార్తను వాట్సాప్‌లో ఊరంతా తిప్పి, నిన్నటిదాకా ఉజ్జీవ సభల ఫ్లెక్సీ మీద నిలువెత్తున నిలబెట్టిన మనిషి బొమ్మను రాత్రికి రాత్రే చించి పంట కాలువలో పారేస్తారు. గాయపడిన ఆడపిల్ల గానీ, మోసపోయిన విధవరాలు గానీ ఎలా ఉందని అడిగేవారు మాత్రం ఈ రెండు పక్షాల్లోనూ అరుదుగానే కనిపిస్తారు. నరసాపురం ప్రాంతంలోని ఒక సంఘంలో పుట్టి పెరిగి, స్త్రీల సమాజంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న విశ్వాసిగా నా మనసులోని మాటను మీ పత్రిక ద్వారా తోటి క్రైస్తవులకు చెప్పుకోదలచాను. పడిపోయినవాణ్ణి క్షమించడం మన విధి. అయితే క్షమించడమంటే అతన్ని తిరిగి ప్రసంగ వేదిక ఎక్కించడం కాదు, జరిగినదాన్ని కప్పిపెట్టడం అంతకన్నా కాదు.

"నా అభిషిక్తులను ముట్టకూడదు" అన్న 105వ కీర్తనలోని మాటను ఇలాంటి సమయాల్లో తరచుగా ఎత్తి చూపుతారు. ఆ కీర్తనను ముందు నుంచి చదివితే అది సొంత భూమి లేక, కొద్దిమందిగా, దేశం నుంచి దేశానికి తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి చెప్పిన మాట అని తెలుస్తుంది. రాజుల బారి నుంచి దిక్కులేని పరదేశులను కాపాడటానికి దేవుడు పలికిన ఆ మాటను అధికారం ఉన్నవాడికి అడ్డుగా పెట్టి, దిక్కులేనివారి నోరు మూయించడం వాక్యాన్ని తలకిందులు చేయడమే. ఏలీ కుమారులు యాజకులై ఉండి అర్పణల మాంసాన్ని బలవంతంగా తీసుకుని, గుడారపు ద్వారం దగ్గర సేవచేసే స్త్రీలతో తప్పుగా ప్రవర్తించినప్పుడు దేవుడు వారినే కాదు, వారిని అడ్డుకోని తండ్రిని కూడా నిలదీశాడని సమూయేలు మొదటి గ్రంథంలో ఉంది. మన సంఘ పెద్దలు ఆ అధ్యాయాన్ని ఏడాదికి ఒకసారైనా కలిసి కూర్చుని చదువుకోవడం మంచిది.

ఆరోపణలన్నీ నిజాలేనని నేను అనడం లేదు. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే పెద్దమీద దోషారోపణ అంగీకరించవద్దని పౌలు తిమోతికి రాశాడు. ఆ వెంటనే, పాపం చేసినవారిని ఇతరులకు భయం కలిగేలా అందరి ఎదుట గద్దించమని కూడా రాశాడు. మనవారు మొదటి వచనం దగ్గరే ఆగిపోతున్నారు. తలుపులు మూసిన గదిలో, ప్రార్థన చేస్తానని పిలిచి చేసిన పనికి ఇద్దరు సాక్షులు ఎక్కడి నుంచి వస్తారు? పొలంలో ఒంటరిగా బలాత్కారానికి గురైన అమ్మాయి కేకలు వేసినా ఆదుకునేవారు లేకపోయారని చెప్పి, సాక్షులు లేకున్నా ఆమెలో దోషం లేదన్నది ద్వితీయోపదేశకాండం ఇరవై రెండో అధ్యాయం. ఫోన్‌లోని సందేశాలు, బ్యాంకు ఖాతాలు, ఒకరినొకరు ఎరగని ఇద్దరు స్త్రీలు వేర్వేరుగా చెప్పిన ఒకే రకమైన అనుభవం, ఇవన్నీ సాక్ష్యాలే.

"బయటపెడితే సంఘం సాక్ష్యం, అంటే లోకం ఎదుట సంఘానికున్న మంచి పేరు, చెడుతుంది" అన్న మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువగా బాధిస్తుంది. మద్రాసులో పుట్టి ప్రపంచమంతటా పేరు పొందిన ప్రసంగీకుడు రవి జకరియాస్ ఉదంతం మన కళ్లముందే ఉంది. 2017లో ఒక మహిళ ఆయన మీద చేసిన ఫిర్యాదును ఆయన సంస్థ నమ్మలేదు, ఆయన పక్షాన నిలబడింది. 2020 మే నెలలో ఆయన చనిపోయాక మరికొందరు స్త్రీలు ముందుకు రావడంతో ఆ సంస్థే న్యాయవాదుల చేత విచారణ జరిపించింది. ఆయన ఎందరో స్త్రీలను లైంగికంగా వేధించాడని 2021 ఫిబ్రవరిలో వెలువడిన నివేదిక తేల్చింది. ఈ సంగతి బయటపెడితే తన పేరు పాడై, లక్షలాది ఆత్మలు రక్షణ కోల్పోవడానికి నువ్వే కారణమవుతావని ఆయన తనను బెదిరించినట్లు ఒక స్త్రీ విచారణలో చెప్పింది. సంఘం సాక్ష్యం అన్న మాట తప్పు చేసినవాడి చేతిలో ఎలాంటి ఆయుధమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేం. ఇక బాధితులు పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే పెద్దలు కూర్చుని మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలి, తెలిసీ చెప్పకపోవడం శిక్షార్హమైన నేరం.

"దావీదును దేవుడు క్షమించలేదా, పేతురును తిరిగి నిలబెట్టలేదా" అని అడిగేవారికి నా జవాబు ఇది. దావీదు రాజు పరాయివాడి భార్యను తీసుకుని, ఆమె భర్తను చంపించినప్పుడు ప్రవక్త నాతాను అతని దగ్గరకు వెళ్లి చెప్పిన కథ గొర్రెపిల్లను పోగొట్టుకున్న బీదవాడి కథ. నష్టపోయినవాణ్ణి ముందు నిలబెట్టాకే ప్రవక్త "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. దావీదు సాకులు చెప్పలేదు, దేవుడు అతని పాపాన్ని పరిహరించాడు. అయినా ఆ ఇంటిని ఖడ్గం విడిచిపెట్టలేదు. యేసు ఎవరో ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురు విషయంలోనైతే ఎవరి పట్ల తప్పు జరిగిందో ఆ ప్రభువే తిబెరియ సముద్రతీరాన "నన్ను ప్రేమించుచున్నావా" అని ముమ్మారు అడిగి, గొర్రెలను మేపే పని అప్పగించాడు. మన సంఘాల్లో గాయపడిన స్త్రీని ఒక్క మాటైనా అడగకుండా, ఆమె తరఫున మనమే క్షమించేసి, ఆర్నెల్లు తిరగకముందే అదే మనిషికి మైకు అందిస్తున్నాం. అధ్యక్షుడు, అంటే సంఘాన్ని నడిపేవాడు, నిందారహితుడై, సంఘానికి వెలుపటివారి చేత కూడా మంచి సాక్ష్యం పొందినవాడై ఉండాలన్న నియమం పశ్చాత్తాపపడినంత మాత్రాన రద్దు కాదు. పడిపోయిన కాపరి విశ్వాసిగా, తగిన క్రమశిక్షణ తర్వాత మనతోపాటు ప్రభువు బల్లలో చేయి వేయవచ్చు. బల్ల దగ్గర నిలబడి వడ్డించే పని మాత్రం వేరొకరు చేయాలి.

మా స్త్రీల సమాజంలో ఇలాంటి వార్త విన్నప్పుడల్లా ఎవరో ఒకరు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ "మా పిల్లలకు ఆయనే బాప్తిస్మం ఇచ్చారు, మా పెళ్లి ఆయనే చేశారు, అవి చెల్లుతాయా?" అని అడుగుతారు. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో, హింసల కాలంలో లోబడిపోయిన బిషప్పులు ఇచ్చిన బాప్తిస్మం వంటి సంస్కారాలు చెల్లవని ఒక వర్గం విడిపోయింది. బాప్తిస్మం క్రీస్తుదే గానీ ఇచ్చే మనిషిది కాదని ఆ తర్వాతి కాలపు బిషప్పు అగస్టీను ఆ వర్గంతో వాదించాడు. సేవకుడు దుష్టుడైనా సంస్కారాలు నిష్ఫలం కావని లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన ఎనిమిదో అధికరణం చెబుతోంది. రాజమండ్రి నుంచి భీమవరం దాకా ఉన్న మన లూథరన్ కుటుంబాలకు ఇది సొంత ఆస్తిలాంటి బోధ. ఆ అక్కచెల్లెళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు. నేరస్థుణ్ణి ఏం చేయాలన్న చర్చలోనే పెద్దలకు కాలమంతా సరిపోతోంది.

కాపరి భార్యను మనం అమ్మగారు అని పిలుస్తాం. అయ్యగారి తప్పు బయటపడిన మర్నాటి నుంచి ఆ అమ్మగారి ఇంటి అరుగు మీద అడుగు పెట్టేవారు ఉండరు. కోతల కాలంలో ప్రథమ ఫలాలుగా ధాన్యం బస్తా దించి వెళ్లిన ఇంటికే, ఇల్లు ఎప్పుడు ఖాళీ చేస్తారని కబురు పెడతారు. ఆమె ఏ పాపమూ ఎరుగదు, పిల్లలు అసలే ఎరుగరు. వారికి వేరే చోట నీడ, పిల్లల చదువుకు ఆధారం దొరికేదాకా సంఘమే పోషించాలి. గాయపడిన స్త్రీ వైద్యానికి, వకీలు ఖర్చుకు కూడా కానుకల పెట్టెలోంచే తీసి ఇవ్వాలి.

1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతుల సేవతో గోదావరి డెల్టాలో వెలసిన సహోదర సమాజాల్లో ఒక్క మనిషి చేతికే సంఘం అప్పగించకుండా పలువురు పెద్దలు కలిసి బాధ్యత వహించే పద్ధతి ఉంది. ఆ పద్ధతి పాటించే చోట కూడా తప్పులు జరగవచ్చు, కానీ ప్రశ్నించడానికి మరొక పెద్ద ఉంటాడు. ఇప్పుడు వెలుస్తున్న స్వతంత్ర సంఘాలు అనేకం వ్యవస్థాపకుడు, ఆయన భార్య, కొడుకు సభ్యులుగా ఉన్న ట్రస్టుల మీదే నడుస్తున్నాయి. అక్కడ ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? ప్రతి సంఘంలోనూ కాపరి కుటుంబానికి సంబంధం లేని ఇద్దరు స్త్రీలను, బయటి సంఘానికి చెందిన ఒక పెద్దను ఫిర్యాదులు వినేవారిగా నియమించి, వారి ఫోన్ నంబర్లను ఆరాధన మందిరం గోడ మీద రాయించాలని, లెక్కలను ఏటా బయటివారి చేత తనిఖీ చేయించాలని అన్ని సంఘాల పెద్దలను కోరుతున్నాను.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఇలాంటి వార్తల్లో బాధితురాలి పేరు వేయకపోయినా, ఊరి పేరు, తండ్రి వృత్తి, ఆమె చదివే తరగతి వేస్తే పల్లెటూళ్లలో ఎవరన్నది అందరికీ తెలిసిపోతుంది. దయచేసి ఆ వివరాలు వదిలేసి, కేసు ఏ దశలో ఉందో మాత్రం తీర్పు వచ్చేదాకా ప్రచురిస్తూ ఉండండి.

ఇట్లు,
ఒక సంఘ సభ్యురాలు,
నరసాపురం, పశ్చిమ గోదావరి జిల్లా