ఆ జబ్బు మేనరికం వల్ల రాలేదు

సంపాదకులు గారికి,

గత వారం మీ చిత్తూరు జిల్లా పేజీలో మా వీధి అమ్మాయి జబ్బు గురించి వేసిన వార్త చదివాను. పోనీలే అనుకుని ఊరుకుందామని చూశాను గానీ మనసొప్పలేదు. ఆ పిల్లకు సాయం అందాలని రాశారు, సంతోషం. కానీ ఆమెకున్న పి.ఎన్.హెచ్. అనే రక్తజబ్బు మేనరికం వల్ల వంశంలో దిగిందని ఎవరిని అడిగి రాశారు?

బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మన కణాల పైపొరకు కొన్ని ప్రొటీన్లు జి.పి.ఐ. అనే చిన్న లంగరుతో అంటుకుని ఉంటాయి. ఆ లంగరు తయారీలో మొదటి మెట్టుకు కావలసిన జన్యువు పిగ్‌-ఎ. ఈ జబ్బుకు మూలం అందులోనే ఉందని 1993లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఎముక మజ్జలోని ఒక మూలకణంలో, మనిషి పుట్టి పెరిగాక, ఆ జన్యువు చెడిపోతుంది. దాన్నుంచి పుట్టే ఎర్రకణాలకు లంగరు ఉండదు, సి.డి.55, సి.డి.59 అనే కాపలా ప్రొటీన్లు వాటి మీద నిలవవు. అప్పుడు మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఆ కణాలను పగలగొడుతుంది. పొద్దున పూట మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం అందుకే. రక్తనాళాల్లో గడ్డలు కడితే ప్రాణానికే ముప్పు.

ఆ పిల్ల తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువు బాగానే ఉంది. రేపు ఆమెకు పుట్టే బిడ్డలకూ ఈ జబ్బు సంక్రమించదు. మేనరికాల్లో కొన్ని జబ్బుల ముప్పు పెరిగే మాట నిజమే, ఆ పాఠం నేనూ చెప్పాను. ఇదే లంగరుకు సంబంధించిన వేరే జన్యువుల్లో పుట్టుకతో లోపాలుండే పిల్లలూ ఉన్నారు. కానీ అవి వేరు, ఇది వేరు.

మీ వార్త వచ్చిన మూడో రోజే ఆమె చెల్లెలికి కుదిరిన సంబంధం వాళ్లు ఫోన్ చేసి వద్దన్నారు. ఆ పిల్లల అమ్మ ఆ పేపర్ ముక్కను మడిచి కొంగున కట్టుకుని మా ఇంటికొచ్చింది. "సార్, మా పుట్టింట్లో ఇట్లాంటిది ఎవురికీ లేదే, మా అత్తగారు నన్నే అంటా ఉండారు" అని ఏడ్చింది. ఆమెకు ఏమని చెప్పేది?

ఒకప్పుడు జిల్లా పేజీలో వైద్యం వార్త వేస్తే ఒక డాక్టరు చేత చదివించేవాళ్లు. ఇప్పుడు ఎవరో వాట్సాప్‌లో పంపింది అలాగే అచ్చవుతోంది. ఆసుపత్రుల సంగతీ అంతే. ఆ పిల్లకు కామెర్లని కొన్నాళ్లు, రక్తం తక్కువని కొన్నాళ్లు ఐరన్ బిళ్లలిచ్చి పంపారు. వేలూరు పోయి రక్తకణాల మీద ఆ కాపలా ప్రొటీన్లు ఉన్నాయో లేదో చూసే ఫ్లో సైటోమెట్రీ పరీక్ష చేయిస్తే గానీ జబ్బేంటో తెలియలేదు. జిల్లాను ముక్కలు చేసి తిరుపతిని విడదీశారు, బోర్డులు మార్చారు, కలెక్టరేట్లు వచ్చాయి. అరుదైన జబ్బొచ్చిన మనిషి ఏ గది ముందు నిలబడాలో చెప్పేవాళ్లు మాత్రం ఎక్కడా లేరు. 2021లో కేంద్రం అరుదైన వ్యాధుల విధానం తెచ్చింది, ఎంపిక చేసిన ఆసుపత్రుల ద్వారా ఇచ్చే సాయాన్ని 2022లో 50 లక్షల దాకా పెంచింది, హైదరాబాద్ నిమ్స్ అందులో ఒకటి. ఏ జబ్బులు ఆ జాబితాలో ఉన్నాయో, ఎవరికి అర్జీ పెట్టాలో ఇక్కడ అడిగితే ఒకరి టేబుల్ నుంచి ఇంకొకరి టేబుల్‌కు పంపుతారు. ఈ జబ్బుకు ఎక్యులిజుమాబ్ అనే మందు అమెరికాలో 2007లోనే ఆమోదం పొందింది. దాని ధర మామూలు కుటుంబం తలెత్తి చూడలేనిది.

మందు ఇప్పించడం మీ చేతిలో లేదు. తప్పు దిద్దడం ఉంది. అదే పేజీలో, అదే సైజులో, ఇది వంశపారంపర్యం కాదని వేయండి. లోపలి పేజీలో మూలన రెండు లైన్లు వేస్తే ఆ సంబంధం వాళ్ల కంట పడదు.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు, మిట్టూరు, చిత్తూరు