17+2=19 గురించి, అర్జెంటుగా

మామా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకో, పడతాను. ఇక్కడ అంతా మామూలే: గట్టి వానొస్తే పంజాగుట్టలో బండి తోసుకోవడం, తగ్గాక ఇరానీ చాయ్. అంతే.

కానీ నువ్వు రాసిన ఆ ముక్క, "జోడియాక్ గుప్తలేఖ విప్పేశారట, ఎవడో తేలిపోయిందట" అని! అదే, 1960ల చివర్లో కాలిఫోర్నియాలో వరుస హత్యలు చేసి, పత్రికలకు గుప్తలేఖలు పంపిన ఆ దొరకని హంతకుడి సంగతి. విప్పారు. తేలలేదు. కడుపుబ్బరం ఆగక ఇది.

మొదటిది 408 గుర్తులది. 1969 జులై 31న మూడు ముక్కలు చేసి మూడు కాలిఫోర్నియా పత్రికలకు పంపాడు. సెలీనాస్‌లో ఒక టీచరూ ఆయన భార్యా వారం రోజుల్లో విప్పేశారు. ఆవిడ బుర్ర చూడు: ఇంత పొగరుబోతు 'ఐ'తోనే మొదలెడతాడు, 'కిల్' అనకుండా ఉండడు, కాబట్టి జంట 'ఎల్' వెతుకుదాం అంది.

నవంబరు 8 నాటి 340 గుర్తులది మాత్రం 51 ఏళ్లు మొండికేసింది. అడ్డంగా 17 గళ్లు, నిలువుగా 20. గుర్తులు 63 రకాలు. ఇంగ్లిష్‌లో 'ఈ' ఎక్కువ కదా, ఎక్కువసార్లు కనబడే గుర్తు అదే అనుకుంటాం. వీడు ఒక్కో అక్షరానికి రెండు మూడు గుర్తులు మార్చి మార్చి వాడి ఆ లెక్క చెడగొట్టాడు. మన క-భాష లెక్కల సారుకి ఒక్క పీరియడ్‌లో ఎలా దొరికింది? అన్నిటికీ ముందు అదే 'క'! (కనీ కవల్లే. కఇప్పటికీ అంటాను.)

పైగా వరుస కూడా కలిపేశాడు. ఇక్కడే మజా. ఏ గుర్తునైనా దానికి 19 గళ్ల అవతలి గుర్తుతో జత కట్టి చూడు, ఒకే జత మామూలు కంటే ఎక్కువసార్లు తగులుతుంది. ఎందుకు? 17 గళ్లు దాటితే సరిగ్గా కింది గడి, ఇంకో రెండు కుడికి. గుర్రం నడక మామా! మన చిత్రకవులు గళ్లలో అక్షరాల్ని చదరంగం గుర్రంలా నడిపించి, తురగబంధం అని మురిసిపోయేది.

అయినా మొత్తం మీద అలా చదివితే చెత్తే. ముక్కలు చేసి విడివిడిగా చదవాలి: పై 9 వరుసలు ఒక ముక్క, తర్వాతి 9 ఇంకోటి, చివరి 2 వేరే. రెండో ముక్కలో వాడే ఒక చోట గడి జారాడు, చివర్లో కొన్ని మాటలు తిరగేశాడు. ఆస్ట్రేలియా శామ్ బ్లేక్ దాదాపు ఆరున్నర లక్షల చదివే దారులు తయారుచేస్తే, అమెరికా డేవిడ్ ఒరాన్‌చాక్ వాటిని బెల్జియం యార్ల్ వాన్ ఐక్ రాసిన ప్రోగ్రాంలో తోశాడు. 2020 డిసెంబరులో "టీవీ షోలో మాట్లాడింది నేను కాదు" అని తేలింది. జోడియాక్‌ని అంటూ ఎవడో ఫోన్ చేసిన ఆ షో, లేఖకి రెండు వారాల ముందుదే! ఇక అనుమానమేముంది?

పేరు మాత్రం లేదు. జనం ఇప్పటికీ పోలీసులు అనుమానించిన ఆర్థర్ లీ అలెన్ అనేవాడే అంటారు. చేతిరాత కలవలేదు, 2002లో ఆ లేఖల స్టాంపు మీది డీఎన్ఏ కలవలేదు, మనిషి 1992లోనే పోయాడు. ఐనా వదలరు. "నా పేరు" అని 13 గుర్తులే పంపాడే, అక్కడుంది తంటా. 340లో తాళంచెవి, అంటే ఏ గుర్తు ఏ అక్షరమో ఆ పట్టిక, తప్పితే వెంటనే పిచ్చిరాతలు వస్తాయి, పట్టేస్తాం. 13లో తప్పు పట్టడానికి మిగిలేదేముంది? కాస్త సాగదీస్తే నీ ఇంటిపేరుతో సహా నువ్వే... 

అయ్యో, పోస్టు డబ్బా తెరిచేవాడు వచ్చేశాడు. మిగతా 32 గుర్తుల దాని సంగతి తర్వా