అండర్‌బాడీ పనికి ముందే మొత్తం రేటు ఎందుకు చెప్పడం లేదంటే

విశాఖలోని మా షెడ్డుకు పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లను పునరుద్ధరణకు అప్పగించిన వారికీ, అప్పగించాలని అనుకుంటున్న వారికీ ఒక మార్పు గురించి తెలియజేస్తున్నాం. ఇకపై అండర్‌బాడీ, అంటే కారు అడుగు భాగపు పనికి కారు చూసిన రోజునే మొత్తం రేటు చెప్పం. పాత అండర్‌కోటింగ్ (తుప్పు పట్టకుండా కారు అడుగున కొట్టే నల్లటి పూత) తీయడానికి ఒక బిల్లు, అది తీశాక బయటపడిన రేకు పరిస్థితిని బట్టి టింకరింగ్, వెల్డింగ్, ప్రైమర్ పనులకు ఫోటోలతో సహా మరొక అంచనా ఇస్తాం. దీనివల్ల మీకు ఖర్చు తగ్గుతుందని చెప్పలేం. చాలా కార్ల విషయంలో పెరుగుతుంది కూడా.

కారణం ఆ నల్లటి పూతలోనే ఉంది. ఏటా వానాకాలానికి ముందు పాత పూత మీదే కొత్తది కొట్టించడం మన దగ్గర అలవాటు కాబట్టి, ఇక్కడికి వచ్చే కార్ల అడుగున పొర మీద పొర పేరుకుపోయి ఉంటుంది. తారు కలిసిన పూత ఏళ్ళు గడిచేకొద్దీ ఎండి, బిగిసి, సన్నగా పగుళ్ళిస్తుంది. ఆ పగుళ్ళలోంచి దిగిన నీరు పూతకూ రేకుకూ మధ్య చేరి, బయటికి పోయే దారిలేక అక్కడే నిలుస్తుంది. సముద్రపు గాలిలోని ఉప్పు దానికి తోడైతే పైకి నిండుగా కనిపించే అడుగు లోలోపల తుప్పు పట్టిపోతూ ఉంటుంది. ఈ మధ్య ఒక అంబాసిడర్‌కు డ్రైవరు కాళ్ళ కింది భాగంలో గీకుడు బిళ్ళ పెట్టగానే అరచేయంత పెచ్చు ఊడి వచ్చింది. దాని వెనక వైపున ఎర్రటి తుప్పు రేకులు రేకులుగా అంటుకుని ఉంది, అంటే ఫ్లోరులో కొంత ఆ పెచ్చుతోపాటే వచ్చేసిందన్నమాట. పైనుంచి టార్చి వేస్తే కింద నిలబడ్డ కుర్రాడికి వెలుగు కనిపించింది. అలాంటి కారును పైపైన చూసి రేటు చెప్పడం మీకూ మాకూ న్యాయం కాదు.

ఈ కార్లకు లారీలకు ఉన్నట్టు విడిగా చాసిస్ (బరువు మోసే ఇనుప చట్రం) ఉండదు. ఫ్లోరు, డోర్ల కింది సిల్లులు, బాక్సు భాగాలు కలిసే బరువు మోస్తాయి. సిల్లుల్లోంచి నీరు కారిపోవడానికి కంపెనీ వదిలిన చిల్లులను పూత కొట్టిన వారు మూసేసి ఉండటం మేం తరచుగా చూస్తున్నాం. మా దృష్టిలో పూత వేయకుండా వదిలేయడం కంటే ఇదే ఎక్కువ చేటు.

తీసే పద్ధతి గురించి చాలామంది అడుగుతున్నారు. మేం ముందు పెట్రోలు ట్యాంకు, సీట్లు, మ్యాట్లు, లోపలి ఫెల్టు అన్నీ దించేస్తాం, ఎందుకంటే ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. తర్వాత హీట్ గన్‌తో చిన్న చిన్న భాగాలుగా వేడి చేసి, పూత ముదురు పాకంలా సాగే స్థితికి రాగానే బిళ్ళతో లేపుతాం. వేడి చాలకపోతే అది రేకును వదలదు. ఎక్కువైతే పొగలు కక్కి, జారి, చుట్టూ అలుముకుంటుంది. రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే కాబట్టి ఒకేచోట గన్ ఆపితే వంకర తిరిగే ప్రమాదమూ ఉంది. కారు కింద తల పైకెత్తి చేసే ఈ పనికి మనుషులు దొరకడమే కష్టం, దొరికినవారు ఎక్కువ కూలి అడగడం సబబే.

గ్రైండరుకు వైర్ బ్రష్ తగిలిస్తే గంటల్లో అయిపోతుంది కదా అంటారు. ఆ రాపిడి వేడికి తారు కరిగి రేకంతా పులుముకుంటుంది. అంతకంటే ముఖ్యంగా, పాతకాలపు కొన్ని అండర్‌కోటింగులలో ఆస్‌బెస్టాస్ నార కలిపేవారు, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. అది ఉందో లేదో కంటితో తేల్చలేం. కాబట్టి పూత మీద పొడి గ్రైండింగ్ మా షెడ్డులో చేయనివ్వం. మాస్కులు తప్పనిసరి, గీకిన చెత్తను సంచుల్లో మూటకట్టే బయటికి పంపుతాం. నేరుగా బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో రవ్వను చిమ్మి గీకడం) చేసినా మెత్తటి పూత మీద రవ్వ ఎగిరిపడుతుందే తప్ప కోయదు, అందుకే పూత తీశాక తుప్పుకు మాత్రమే దాన్ని వాడతాం; అదీ ఊపిరితిత్తులను పాడుచేసే మామూలు ఇసుకతో కాక గార్నెట్ అనే ఖనిజపు రవ్వతో. వీడియోల్లో చూపించే డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) చిమ్మడం నిజంగా మంచి పద్ధతే. మైనస్ 78 డిగ్రీల చలికి పూత పెళుసెక్కి రాలిపోతుంది, ఐసు ఆవిరైపోతుంది, కానీ తుప్పు అలాగే ఉంటుంది. ఆ యంత్రం మా దగ్గర లేదు, కొనే ఆలోచనా ప్రస్తుతానికి లేదు.

మిగిలిన జిగురును కిరోసిన్‌తో తుడిచి, ఆ నూనె పొర పోయేలా థిన్నరుతో మళ్ళీ శుభ్రం చేస్తేనే ఎపాక్సీ ప్రైమర్ (రేకుకు అంటుకుని తుప్పును ఆపే మొదటి పూత) పట్టుకుంటుంది. విశాఖ తేమలో ఒట్టి రేకును రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి పసుపురంగు తుప్పు మొలుస్తుంది. అందుకని ఆ రోజు ప్రైమర్ వేయగలిగినంత మేరకే ఆ రోజు బ్లాస్టింగ్ చేస్తాం, వాన పట్టిన రోజుల్లో అసలు చేయం. జూన్ నుంచి అక్టోబరు వరకు డెలివరీ తేదీలు వెనక్కి జరుగుతాయని దయచేసి లెక్కవేసుకోండి.

2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని కార్లకు వింటేజ్ నమోదు దొరుకుతుంది. ఆ ఉద్దేశం ఉన్నవారు ముందే చెప్తే ఫ్లోరు ఆకారం మారకుండా ప్యాచులు వేస్తాం. చాసిస్ నంబరు (కారు గుర్తింపు సంఖ్య) ఉన్న చోటికి మాత్రం ఏ కారుకైనా బ్లాస్టింగ్ గన్ వెళ్ళదు. ఆ నంబరు మీద కాగితం పెట్టి రుద్ది తీసే పెన్సిల్ ప్రింటు చెడితే ఆర్టీఓ ఆఫీసులో తిరగాల్సింది మీరే.

ప్రతి కారుకూ ఇదంతా అవసరం లేదు. కంపెనీ వేసిన పలుచటి పూత గట్టిగా పట్టుకుని, కత్తి మొనకు లేవకుండా, స్క్రూడ్రైవరు పిడితో కొడితే బోలు శబ్దం రాకుండా ఉంటే దాన్ని కదపవద్దనే చెప్తాం, ఆ పరీక్షకు డబ్బు తీసుకోం. మా దగ్గరికి తెచ్చే ముందు మాత్రం కింద కొత్త పూత కొట్టించవద్దు. తడి ఆరని పూత పగుళ్ళను కప్పేస్తుంది, బిళ్ళకు జిగురులా అంటుకుంటుంది, మొదటి బిల్లును అదే పెంచుతుంది.