గోధుమ మొలకల లెక్క 3:1తో ఆగదు

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ, గుంటూరు కళాశాలల్లో జన్యు నిష్పత్తులను రంగు పూసలతో కాక, పత్రహరితం లోపించిన గోధుమ మొలకలతో నేర్పాలని మా కోరిక. కావలసింది ట్రేలు, కడిగిన ఇసుక, ఏ వెన్ను గింజలు ఆ వెన్నువిగా విడదీసి ఉంచినవి; ఒక వెన్ను గింజలన్నీ కలిసి ఒక కుటుంబం. అయితే 20 గింజలు వేసి, ఒక్క తెల్ల మొలకా రాలేదని ఆ కుటుంబాన్ని పారేస్తే పని చెడుతుంది.

రొట్టె గోధుమలో 42 క్రోమోజోములు. అవి ఎ, బి, డి అనే మూడు జన్యుసమూహాలు. ఒకే పని చేసే జన్యువు మూడింటిలోనూ ఉంటే, ఒకచోట చెడినా మిగతా రెండూ ఆకును పచ్చగా నిలుపుతాయి. పనిచేసే జన్యువు ఒకచోటే ఉండి చెడితే తరువాతి తరంలో పచ్చ, తెల్ల మొలకలు 3:1లో వస్తాయి; రెండుచోట్ల ఉండి రెండూ చెడితే 15:1, మూడుచోట్ల ఉండి మూడూ చెడితే 63:1 వస్తుంది. 3:1లో కనీసం ఒక తెల్ల మొలక 95 శాతం నమ్మకంతో కనబడాలంటే 11 మొలకలు చాలు. 15:1కి 47, 63:1కి 191 కావాలి. 20 మొలకలే పెంచితే 63:1 కుటుంబం పూర్తి పచ్చగా కనబడే అవకాశం 73 శాతం!

రెండు లోపాలు కలిసినప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. లేతపసుపు క్లోరినా, తెల్లటి అల్బీనో జన్యువులు విడివిడిగా సంక్రమిస్తే రెండో తరంలో 9 పచ్చ, 3 లేతపసుపు, 4 తెలుపు. అల్బీనో మొలకలో క్లోరినా ఉన్నా బయటపడదు. పసుపు, తెలుపు కలిపి ‘లోపం’ అని ఒకే గడిలో రాస్తే 9:7 అవుతుంది, విద్యార్థి దాన్ని రెండు జన్యువుల మధ్య మరో రకం చర్యగా పొరబడతాడు. దీనికి తలకిందులైనదీ గోధుమలో ఉంది. 2ఎ క్రోమోజోము మీది సీహెచ్1, 3డి క్రోమోజోము మీది సీహెచ్2 బహిర్గత జన్యువులు, అంటే ఒక్క ప్రతి ఉన్నా ప్రభావం చూపేవి. చెరొకటి ఉన్న రెండు పచ్చటి రకాలను సంకరపరిస్తే మొదటి తరమే పసుపుబారుతుంది. అక్కడ రెండో తరంలో 9 భాగాలు పసుపు, 7 పచ్చ.

మన దగ్గర డిసెంబరు, జనవరి చలిలోనే ఇది చేయాలి. గింజలు 2 నుంచి 3 సెంటీమీటర్ల లోతున పెట్టి మంచి వెలుతురు ఇవ్వాలి. చీకటిలో ఏ మొలకైనా పాలిపోతుంది. ట్రే అంతా లేతబడితే వెలుతురో పోషకమో తక్కువైందని అనుమానించాలి. పచ్చటి వాటి మధ్య ఒకటీ అరా తెల్లబడితే జన్యువును చూడాలి. 7వ రోజు, 12వ రోజు లెక్కించాలి. గింజలో నిల్వ అయిపోగానే అల్బీనోలు చనిపోతాయి, మొదట పాలిపోయి పుట్టే విరిసెంట్ రకం మెల్లగా పచ్చబడుతుంది. మొలవని గింజలను వేరే గడిలో రాయాలి.

జన్యుమార్పులు తెప్పించేందుకు గామా కిరణాలు పెట్టిన గింజల నుంచి వచ్చిన మొక్కల వెన్నులను కలిపి నూర్చకండి, ఒక పిలకలో ఉన్న మార్పు పక్క పిలకలో ఉండకపోవచ్చు. 3:1 కుటుంబంలో తెల్లవి ఎలాగూ బతకవు. పచ్చటి తోబుట్టువుల్లో మూడింట రెండు వంతులు ఆ జన్యువును మోస్తాయి. ఒక్కో మొక్క గింజను విడిగా దాచి, మరుసటి ఏడు మళ్లీ విత్తితేనే ఆ వంశం నిలుస్తుంది.

— జన్యుశాస్త్ర అధ్యాపకులు, గుంటూరు